దేహబలము: బలహీన కండరములను గుర్తించి బలపరచుట

(మేళ్లచెరువులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మహాశివరాత్రికి మేళ్లచెరువు శంభులింగేశ్వర స్వామి జాతరకు వచ్చి, ఎడ్ల పందెములను చూడక వెడలువారు అరుదు. మన ప్రాంతపు బండలాగుడు పందెములలో గిత్తలను పండ్లనుబట్టి విభజించుట మీరెరిగినదే. రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి, అటుపై పెద్ద జతలు. లేత గిత్తలకు పెద్ద బండ కట్టరు. నిర్ణీత కాలములో బండను ఎంత దూరము లాగినదియు కొలిచి గెలుపును నిర్ణయింతురు.

జతలో ఒక గిత్త మిక్కిలి బలముగలదై, రెండవది వెనుకబడినదైనచో ఏమగునో రైతులైన మీకు ఒకరు చెప్పనక్కరలేదు. కాడి ఒక ప్రక్కకు తిరుగును. బండ వంకరగా నడచును. బలమైన గిత్త ఎంత లాగినను, జత లాగు దూరమును నిర్ణయించునది వెనుకబడిన గిత్తయే. దుక్కి దున్నునప్పుడు కొందరు రైతులు కాడి నడుమనున్న కట్టును బలిసిన ఎద్దు వైపునకు కొంచెము జరుపుదురు. అప్పుడు బరువులో హెచ్చు పాలు దాని మెడపై పడును. ఆనాటి పని గడచును. కాని ఏండ్ల తరబడి అట్లే చేసినచో బలమైన ఎద్దు ముందుగా అరిగిపోవును. బలహీనమైనది ఎన్నటికిని బలపడదు.

మానవ శరీరమున జరుగునదియు సరిగా ఇదియే. ఒక బరువు నెత్తుటకు పిక్కలు, తొడలు, పిరుదులు, నడుము, పొట్ట, వీపు, భుజములు, పిడికిలి అన్నియు కలసి పనిచేయవలెను. వీనిలో ఒకటి బలహీనమైనచో శరీరము మనకు తెలియకుండగనే కాడి కట్టును జరుపును. తొడ చేయవలసిన పనిని నడుము చేయును. ఎడమ కాలి భారమును కుడి కాలు మోయును. పని సాగుచునే యుండును గనుక లోపము కనబడదు. చివరకు నొప్పి పుట్టునది బలహీనమైన చోట గాక, దాని బరువును మోసిన చోట కావచ్చును. కావున బలమును పెంచదలచినవాడు మొదట చేయవలసినది ఎక్కువ బరువు నెత్తుట కాదు. తన శరీరములో వెనుకబడిన భాగమేదో కనుగొనుట. నేడు మీతో మేము ముచ్చటింపదలచిన విషయమిదియే.

ఇది పంచాయతీకి సంబంధించిన విషయమా?

ఈ ప్రశ్న మీలో కొందరికి తోచవచ్చును. మన ప్రాంతపు బ్రతుకుతెరువును చూడుడు. మేళ్లచెరువు పరిసరములలో సున్నపురాయి గలదు; దానినాశ్రయించి సిమెంటు పరిశ్రమ వెలసినది. ఒక సిమెంటు బస్తా 50 కిలోలు. సాగరు ఎడమ కాలువ క్రింద వరి పండును. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు నడచును. ధాన్యపు బస్తాలను ఎత్తి దించు హమాలీలు వందల కుటుంబములవారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ననుసరించి వయోజనుడైన ఒక పురుషుడు నిత్యము మోయదగిన గరిష్ఠ భారము 55 కిలోలు. అనగా మన సోదరులు ప్రతిదినము ఆ హద్దుకు చేరువనే పనిచేయుచున్నారు. నాట్లు వేయు సోదరీమణులు గంటల తరబడి నడుము వంచియే యుందురు.

ఇట్టి కుటుంబములో ఒకరి నడుము పట్టుకొనినచో కూలి ఆగును, మందుల ఖర్చు పెరుగును, అప్పు చేరును. పోలీసు కొలువునకో, సైన్యమునకో పరుగు సాధన చేయు యువకుని మోకాలు వాచినచో ఆ యేటి అవకాశము చేజారును. వృద్ధురాలు కాలుజారి పడి తుంటి యెముక విరిగినచో ఇల్లంతయు మంచము చుట్టును తిరుగవలసి వచ్చును. ఇవి అన్నియు కండర బలహీనత వలననే కలుగునని చెప్పజాలము. కాని ఆ కారణమున కలుగువానిని ముందుగా గుర్తించి చాలవరకు నివారింపవచ్చును. అందులకు కావలసినది పెద్ద నిధులు కాదు; శ్రద్ధ, ఒక లెక్క పుస్తకము, ఒక చదునైన స్థలము.

తెలంగాణ గ్రామములలో 2022వ సంవత్సరము నుండి క్రీడా ప్రాంగణముల ఏర్పాటు సాగినది. స్థలమున్నంత మాత్రమున బలము రాదు. ఆ స్థలమున ఏమి చేయవలెనో తెలిసియుండవలెను.

బలహీనతను కొలుచు శాస్త్రము

బలహీన కండరమును వెదకి కొలుచు పద్ధతి మల్లయోధుల నుండి కాక, పోలియో వ్యాధిగ్రస్తులైన బిడ్డల పరీక్షల నుండి వృద్ధిపొందినది. అమెరికాలోని బోస్టను నగరమున రాబర్టు లవెట్టు అను ఎముకల వైద్యుడు, ఆయన సహాయకురాలు విల్హెల్మినా రైటు పోలియో సోకిన బిడ్డలను ఒక్కొక్క కండరము చొప్పున పరీక్షించిరి. ఆ విధానమును రైటు 1912లో ప్రచురించెను. వారు వాడిన కొలత భూమ్యాకర్షణ శక్తియే. తరువాత 1943లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలి దీనిని సున్న నుండి 5 వరకు గల మెట్లుగ ప్రచారము చేసినది. కండరములో కదలికయే లేనిచో సున్న. కొద్దిగ అదరినచో 1. నేలకు సమముగ జరుపగలిగి పైకి ఎత్తలేనిచో 2. తన బరువును తాను పైకి ఎత్తగలిగినచో 3. మరియొకరు కొంత అడ్డగించినను ఎత్తగలిగినచో 4. పూర్తి బలమున్నచో 5. నేటికిని వైద్యులు వాడుచున్న కొలత ఇదియే. పోలియో వలన కాలు చచ్చుబడిన బిడ్డలను మన పల్లెలు ఒకప్పుడు ఎంతమందినో చూచినవి. భారతదేశమున చివరి పోలియో రోగి 2011లో కనబడగా, 2014లో మన ప్రాంతము పోలియో రహితమైనదని ప్రకటింపబడినది. వ్యాధి పోయినను, ఆ బిడ్డల కొరకు పుట్టిన పరీక్ష మనకు మిగిలినది.

బలపరచు విధానమును నేర్పినది రెండవ ప్రపంచ యుద్ధము. మోకాలికి గాయమైన సైనికుల తొడ కండరములు కృశించుచుండెను. బలహీనమైన అవయవమునకు విశ్రాంతియే మందని అప్పుడు పలువురు తలచిరి. అమెరికా సైన్యపు వైద్యుడు థామస్ డెలోర్మ్ అందులకు విరుద్ధముగ, ఆ కాలితోనే బరువు నెత్తించి, ఆ బరువును క్రమక్రమముగ పెంచెను. ఫలితములను 1945లో ప్రకటించెను. ఒక వ్యక్తి సరిగా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును మొదట కనుగొనుట, ఆ బరువును ఆధారముగ చేసికొని సాధన చేయించుట, బలము పెరిగిన కొలది బరువు పెంచుట — ఇదియే ఆయన సూత్రము. నేటి వ్యాయామశాలలలో పదేసిసార్లు చొప్పున మూడు వరుసలు చేయు అలవాటునకు మూలమిది. మన పందెపు గిత్తలకు రెండు పండ్ల బండ నుండి ఆరు పండ్ల బండ వరకు సాగు క్రమమునకును ఈ సూత్రమునకును భేదము లేదు.

ముందుగా తెలిసికొనవలసిన భేదము

వంకరగా చేసిన ప్రతి కదలికకును బలహీనతయే కారణము కాదు. కీలు బిగుసుకొని యుండవచ్చును, విధానము తెలియకపోవచ్చును, నొప్పి యుండవచ్చును. వీనిని వేరుచేయుటకు సులభమైన ఉపాయమున్నది.

బరువు లేకుండ చేయించుడు. అప్పుడు చక్కగ చేసి, బరువు పెట్టినప్పుడు మాత్రము వంకర పోయినచో అది సాధారణముగ బలము చాలకపోవుట. బరువు లేనప్పుడును వంకరగనే యున్నచో కీలు బిగువో, అభ్యాసలోపమో అయి యుండవచ్చును. ఒకసారి మాటతో దిద్ది, మరల చేయించుడు. దిద్దగనే సరియైనచో అది అభ్యాసలోపము. చేయునప్పుడు నొప్పి పుట్టినచో అక్కడితో ఆపి వైద్యునికి చూపవలెను. పూర్వపు నల్లగొండ జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు, కీళ్లు బిగిసిన పెద్దలు ఇంకను ఉన్నారు. వారి బిగువును కండరపు బలహీనతగ భావించి బరువులెత్తించుట తగదు.

ఖర్చులేని ఆరు పరీక్షలు

ఈ పరీక్షలకు ఒక గట్టి కుర్చీ, ఒక గోడ, ఒక బకెట్టు చాలును. ఒకరు చేయుచుండగ మరియొకరు చూచి వ్రాయవలెను. తన లోపము తనకు కనబడదు.

మొదటిది గుంజీలు. చేతులు ముందుకు చాచి, పాదములు భుజముల వెడల్పున నుంచి పదిసార్లు మెల్లగ కూర్చుండి లేవవలెను. ఎదుట నిలిచి మోకాళ్లను చూడుడు. లేచునప్పుడు మోకాళ్లు లోపలికి ఒరిగినచో పిరుదు ప్రక్క కండరములు చాలవని అనుమానింపవలెను. ప్రక్కనుండి నడుమును చూడుడు. లేచునప్పుడు ముందుగ పిరుదులు పైకి లేచి, వీపు ముందుకు వాలినచో తొడ ముందరి కండరములు తమ పనిని వీపునకు అప్పగించుచున్నవని అర్థము. మడమలు నేల విడచినచో అది తరచుగ బలహీనత కాదు, చీలమండ బిగువు.

రెండవది ఒంటికాలిపై నిలుచుట. జర్మను శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గు 1895లో వర్ణించిన గుర్తు ఇందులో గలదు. కుడికాలిపై నిలిచినప్పుడు ఎడమవైపు తుంటి క్రిందికి జారినచో, బలహీనత ఎడమవైపున లేదు; నిలిచిన కుడికాలి పిరుదు ప్రక్కన నున్నది. చూచువారు ఇచ్చట పొరబడుటకు అవకాశమెక్కువ. ముప్పది సెకండ్ల చొప్పున రెండు కాళ్లను పోల్చవలెను.

మూడవది వెల్లకిల పరుండి మోకాళ్లు మడచి తుంటిని పైకెత్తుట. రెండు కాళ్లతో సులభముగ చేయగలవారు ఒక కాలిని చాచి, ఒక్కొక్క కాలితో చేయవలెను. ఏ కాలితో ఎన్నిసార్లయినదియు వ్రాయవలెను. పిరుదులు అలయక ముందే తొడ వెనుక కండరము పట్టివేసినచో, నడుము నొచ్చినచో, పిరుదులు తమ వాటా పని చేయుట లేదని తెలియును.

నాలుగవది పిక్కల పరీక్ష. గోడకు వ్రేళ్లు తాకించి, ఒంటికాలిపై మడమను పూర్తిగ పైకెత్తి దించవలెను. ఆరోగ్యవంతుడైన వయోజనుడు సుమారు 20 నుండి 25 సార్లు చేయగలడు. పరుగు సాధన చేయు యువకులకు ఈ పరీక్ష ముఖ్యము.

ఐదవది దండీ భంగిమ, ప్రక్క భంగిమ. దండీ ఎత్తుచుండగ నడుము నేల వైపునకు జారినచో పొట్ట కండరములు చాలవు. రెక్క యెముకలు వీపు నుండి పక్షి రెక్కలవలె పైకి లేచినచో వానిని పట్టియుంచు కండరములు చాలవు. తరువాత ఒక ప్రక్కకు పరుండి, ముంజేతిపై శరీరమును కర్రవలె నిలిపి, కుడి ఎడమల కాలమును పోల్చవలెను.

ఆరవది మోత పరీక్ష. ఒక చేత నీటి బకెట్టు పట్టుకొని ఇరువది అడుగులు నడచి రావలెను. లీటరు నీటి బరువు కిలో గనుక, గీతలు గీసిన బకెట్టే మన తూనిక. పిడికిలి ముందుగ జారినచో ముంజేయి చాలదు. శరీరము బకెట్టు వైపునకు ఒరిగినచో ఎదుటి ప్రక్క నడుము కండరములు చాలవు.

బరువు నెత్తువారు ఇంకొక సంగతి గమనింపవలెను. ఎత్తుట ఎక్కడ ఆగినదో అక్కడనే బలహీనత జాడ దొరకును. బస్తా నేల విడువకున్నచో తొడలను, నేల విడచిన వెంటనే వీపు గూనుగ వంగినచో వీపును, భుజము వరకు వచ్చి తలపైకి పోకున్నచో భుజమును, మోచేతి వెనుక కండరమును, బరువు కదలకముందే చేయి జారినచో పిడికిలిని పరీక్షింపవలెను.

కుడి ఎడమల నడుమ కొద్దిపాటి భేదము ప్రతివారికిని ఉండును. నూటికి పది పదునైదు పాళ్లకు మించిన భేదమును గమనింపదగినదిగ వ్యాయామ నిపుణులు సాధారణముగ భావింతురు. ఒక దినపు పరీక్షతో తీర్పు చెప్పరాదు. నిద్ర చాలని దినమున, పనిచేసి అలసిన దినమున లెక్క తగ్గును. రెండు వేరు వేరు దినములలో చేసి, రెండింటను కనబడిన భేదమునే నమ్మవలెను.

బలపరచు క్రమము

బలహీనమైన భాగము తెలిసిన తరువాత పాటింపవలసిన నియమములు కొన్ని గలవు.

మొదటి నియమము: వెనుకబడినదానికి ముందు వంతు. శరీరము తాజాగనున్నప్పుడు, సాధనారంభముననే ఆ భాగమునకు పని చెప్పవలెను. మన యువకులు చాలమంది తమకు బాగుగ వచ్చిన దండీలనే మొదట నూరేసి చేసి, రానివానిని చివరకు మిగుల్చుదురు. అలసట వలన వానిని విడిచిపెట్టుదురు.

రెండవ నియమము: లెక్క బలహీనమైన ప్రక్కదే. ఎడమకాలితో పదిసార్లు చేయగలిగినచో కుడికాలితోను పదియే చేయవలెను, ఇరువది చేయగల శక్తి యున్నను. ఉదాహరణకు ఒకరు పిక్కల పరీక్షలో కుడికాలితో 20, ఎడమకాలితో 13 చేసిరనుకొందము. వారు ఎడమకాలితో ప్రారంభించి ఎనిమిదేసి చొప్పున మూడు వరుసలు చేయవలెను, కుడికాలితోను అంతియే. బలమైనదానిని మాన్పింపరాదు, పోటీకి మాత్రము పోనీయరాదు.

మూడవ నియమము: మెల్లగ పెంచుట. ఎనిమిది నుండి పండ్రెండుసార్లు సరిగా చేయగలిగి, ఇంకను రెండుసార్లు చేయు శక్తి మిగులు బరువును ఎన్నుకొనవలెను. పండ్రెండు సార్లు వరుసగ రెండు దినములు చక్కగ చేయగలిగినప్పుడే ఒక లీటరు నీరో, ఒక కిలో ఇసుకయో చేర్చవలెను. వంకర వచ్చినచో మరల తగ్గింపవలెను.

నాల్గవ నియమము: విశ్రాంతి. ఒకే కండరమునకు వారమున రెండు మూడు దినములు చాలును. నడుమ ఒక దినము విడువవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనలలో వయోజనులందరును వారమునకు కనీసము రెండు దినములు ముఖ్య కండరములన్నిటికిని బలము చేకూర్చు వ్యాయామము చేయవలెనని చెప్పినది. దినమంతయు బస్తాలు మోసిన హమాలీకి ఆ సాయంకాలమే మరల బరువులెత్తించుట హింస. అతనికి పని తక్కువగనున్న దినమున పది నిమిషములు చాలును.

ఐదవ నియమము: నాలుగు నుండి ఆరు వారములకు ఒకసారి మొదటి పరీక్షలనే మరల చేసి పోల్చుట. మొదటి కొన్ని వారములలో కలుగు వృద్ధి ఎక్కువగ నాడులు కండరమును బాగుగ పనిచేయించుట వలన కలుగును. కండరము లావెక్కుట తరువాతి మాట. కావున అద్దములో మార్పు కనబడలేదని నిరాశ చెందరాదు. పుస్తకములోని అంకెను నమ్మవలెను.

ఏ భాగమునకు ఏ వ్యాయామము? తొడలకు కుర్చీ మీదనుండి మెల్లగ లేచుట, ఇంటి అరుగు ఎక్కి దిగుట. పిరుదులకు వెల్లకిల పరుండి తుంటి నెత్తుట. ప్రక్కకు పరుండి పై కాలిని చాచి ఎత్తుట. పిక్కలకు అరుగు అంచున మడమలు దించి ఎత్తుట. పొట్టకు, ప్రక్కలకు ముంజేతులపై నిలుచుట, ఒక చేత బకెట్టు మోయుట. పిడికిలికి బకెట్టు మోతయే చాలును. పై వీపునకు వేపచెట్టుకు మోకు కట్టి, వెనుకకు వాలి, మోచేతులు మడచుచు శరీరమును చెట్టు వైపునకు లాగుకొనుట. దండీలు నెట్టు కండరములను పెంచును. లాగు కండరములను పెంచుటకు మోకు కావలెను. మోసెడివారు బస్తాను ఎల్లప్పుడు ఒకే భుజముపై మోయక మార్చుచుండుట కూడ వ్యాయామమువంటిదే.

మన పెద్దలు చూపిన దారి

బలసాధన మనకు క్రొత్త కాదు. తాలీంఖానాలు, సాముగరిడీలు మన ఊళ్లలో వెలసినవే. వీరఘట్టమున జన్మించిన కోడి రామ్మూర్తి నాయుడు కండబలమునకు ప్రాణాయామమును జోడించి ఖ్యాతి గడించెను. 1963లో విడుదలయైన నర్తనశాల చిత్రమున భీముడుగ కనబడిన దండమూడి రాజగోపాలరావు బరువులెత్తు క్రీడలో పేరుగన్నవాడు; విజయవాడలో ఒక క్రీడామందిరము ఆయన పేర వెలసినది.

2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో శ్రీకాకుళము జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో కాంస్య పతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ యయ్యెను. ఆమె ఒకే ఊపున తలపైకెత్తినది 110 కిలోలు, భుజములకెత్తి పిమ్మట పైకి నెట్టినది 130 కిలోలు, మొత్తము 240. స్వర్ణ, రజత పతకములు పొందిన వారిద్దరును ఎత్తినది 242.5 కిలోలు. పతకపు రంగును నిర్ణయించినది రెండున్నర కిలోలు మాత్రమే. రెండు విధములైన ఎత్తుటలు కలిపి లెక్కించు ఈ క్రీడలో, ఒకదానిలో ఘనుడై రెండవదానిలో వెనుకబడినవాడు నెగ్గలేడు. అందుచేతనే ఉత్తమ శిక్షకులు శిష్యుని బలమును మెచ్చుకొనుటకన్న అతని కొరతను వెదకుటకే ఎక్కువ కాలము వెచ్చింతురు.

వృద్ధులు, స్త్రీలు

ఈ విషయమును యువకులకే వదలుట సరికాదు. ఏబది యేండ్లు దాటిన వారికి కాళ్ల బలము ముందుగ తగ్గుచుండును. ఇందులకు ఒక సులభమైన పరీక్ష గలదు. చేతులు రొమ్ముపై కట్టుకొని కుర్చీనుండి ఐదుసార్లు లేచి కూర్చుండవలెను. ఆసియా దేశముల నిపుణుల బృందము 2019లో సూచించిన లెక్క ప్రకారము ఇందులకు 12 సెకండ్లు, అంతకు మించి పట్టినచో దేహశక్తి తగ్గినదని గ్రహింపవలెను. అట్టివారు ఇంటిలోనే, ఒకరు ప్రక్కన నిలువగ, దినము విడచి దినము కుర్చీనుండి లేచు సాధన చేయవచ్చును. లేవలేనిచో కుర్చీపై మడచిన దుప్పటి వేసి ఎత్తు పెంచి, బలము వచ్చిన కొలది తగ్గింపవలెను.

మన రాష్ట్రమున పంచాయతీ స్థానములలో సగము మహిళలవి. కావున సోదరీమణులకు ప్రత్యేకమైన వేళ, మరుగైన స్థలము ఏర్పరచుట కష్టము కాదు. నాట్ల కాలమునకు నెల ముందుగ పిరుదులకు, పొట్టకు, వీపునకు బలము చేకూర్చినచో వంగి చేయు పనిలో నడుముపై పడు శ్రమ కొంత తగ్గునని ఆశింపవచ్చును.

ఆహారము, హెచ్చరిక

వ్యాయామము చేసి అన్నము చాలనిచో కండ పెరుగదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించినట్లు వయోజనునికి దేహభారములో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు దినమునకు కావలెను. 50 కిలోల మనిషికి సుమారు 42 గ్రాములు. పప్పు, శనగలు, వేరుశనగలు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు వీనిని సమకూర్చును. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాములున్నవి. త్వరగ కండలు పెంచునని చెప్పి అమ్ము సూదిమందులను, పేరులేని పొడులను యువకులు తాకకుండ చూడుడు. ఆ మందులలో కొన్ని గుండెను, కాలేయమును చెరచును.

ఎత్తునప్పుడు ఊపిరి బిగబట్టరాదు. రక్తపుపోటు, గుండెజబ్బు, గిలక గలవారును, గర్భవతులును వైద్యుని సలహా లేక బరువులు ఎత్తరాదు. ఒక్కసారిగ ఒక చేయియో కాలో పడిపోయినచో, మూతి వంకర పోయినచో, మాట తడబడినచో అది వ్యాయామముతో పోవు బలహీనత కాదు. వెంటనే 108కి కబురు చేయవలెను. కాలికి తిమ్మిరితో కూడిన బలహీనత, మూత్రముపై అదుపు తప్పుట, నెలనెలకు ఒక కండరము కృశించుట కనబడినను జాప్యము చేయక వైద్యునికి చూపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

మీరు చేయవలసినది ఐదు పనులు. ఒకటి, క్రీడా ప్రాంగణమునో బడి ఆవరణమునో ఒక మూల చదునుచేసి నీడ కల్పించుట. రెండు, గీతలు గీసిన బకెట్లు, ఇసుక సంచులు, ఒక మోకు, రెండు గట్టి కుర్చీలు, ఒక గడియారము సమకూర్చుట. మూడు, ఉన్నత పాఠశాల వ్యాయామోపాధ్యాయుని వారమున ఒక సాయంకాలము పిలిచి, ఊరిలో నలుగురు యువకులకు, నలుగురు యువతులకు ఈ ఆరు పరీక్షలు నేర్పించుట. నాలుగు, అనుమానమున్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుటకు ఏర్పాటు చేయుట. ఐదు, లెక్క పుస్తకము నుంచుట. అందులో ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట. తేదీ, పరీక్ష, కుడి, ఎడమ, చేసిన వ్యాయామము, ఆరు వారముల తరువాతి అంకె. ఎవరి పుట వారికే చూపవలెను; ఒకరి బలహీనత ఊరికి వేడుక కారాదు. గ్రామసభలో ఎందరు పరీక్ష చేయించుకొనిరి, ఎందరు మెరుగుపడిరి అను మొత్తము లెక్క మాత్రమే చదువవలెను.

ఒక మూల వ్యాయామ యంత్రములు దించి, ప్రారంభోత్సవము జరిపి, మరల అటువైపు చూడకున్నచో అవి త్రుప్పు పట్టును. పుస్తకమున్నచోట యంత్రములు లేకున్నను పని సాగును.

సభ్యులారా! బడ్జెటు వేయునప్పుడు మంచి రోడ్డున్న వాడకు మరల రోడ్డు వేయుట న్యాయమా, నీరందని వాడకు ముందు నీరిచ్చుట న్యాయమా అని మీరు తర్కింతురు. వెనుకబడిన వాడ బాగుపడినప్పుడే ఊరు బాగుపడినదందురు. శరీరమునకును అదే న్యాయము వర్తించును. రాబోవు గ్రామసభ కార్యక్రమములో ఈ విషయమును ఒక అంశముగ చేర్చి, మొదటి పరీక్షకు ఒక తేదీ నిర్ణయింపుడు. ఆ దినమున మొదటి పేరు సర్పంచిగారిది, తరువాత వార్డు సభ్యులవి వ్రాయింపుడు. పెద్దలు ఒంటికాలిపై నిలిచిన చోట పిన్నలు సిగ్గుపడరు.